ఏడున్నర మోటారు

నంద్యాల గాంధీచౌక్ వెనక సందులో రామలింగయ్య శెట్టికి మోటార్ల అంగడి ఉంది. బోరు మోటార్లు, డీజిల్ ఇంజన్లు, వాటి సామాన్లు అమ్ముతారు. అంగడి ఆయనదే అయినా, గోస్పాడు నుంచి గానీ పగిడ్యాల నుంచి గానీ వచ్చిన రైతు గడప దాటగానే అడిగేది ఆయన్ను కాదు. "అక్క యాడ?" అంటాడు. అక్కంటే శెట్టి పెద్దకోడలు సులోచన.

బోరు ఎన్నడుగులు, నీళ్లు ఎంత లోతులో తగిలినాయి, చేను ఎంత దూరం అని మూడు ప్రశ్నలేసి, ఏ మోటారు కావాలో చెప్పేస్తుంది. ఫోన్లో మోటారు మోత వినిపిస్తే బేరింగు పోయిందో, లోడు ఎక్కువైందో కనిపెడుతుంది. మెకానిక్కులు గూడా ఆమె మాట కాదనరు.

ఇదంతా ఒక్క రోజులో వచ్చింది కాదు. కోవెలకుంట్లలో ఇంటర్ లెక్కల గ్రూపు ఫస్టు క్లాసులో పాసై, పాలిటెక్నిక్‌లో చేరతానని ఇంట్లో వారం రోజులు అన్నం మానేసిన పిల్ల ఆమె. అయినా పందొమ్మిదో ఏటనే శెట్టి పెద్దకొడుకు ఉమాశంకర్‌కిచ్చి పెళ్లి చేసినారు. మూడేండ్లు వంటింట్లోనే ఉంది. అత్త పోయినాక, అంగట్లో మనిషి చాలక, మామ ఒకరోజు "రామ్మా, నువ్వు లెక్కలు చదివినావంట కదా" అని పిలిచి గల్లాపెట్టె పక్కన కుర్చీ వేసినాడు. మొదట నేర్పింది ముక్కాలు లెక్క.

"రైతు మాట్లాడేది హెచ్‌పి, అంటే గుర్రం బలం. మోటారుకు కంపెనీ కొట్టిన ప్లేటు మీద ముందు రాసేది కిలోవాట్లు. హెచ్‌పిలో ముక్కాలు భాగం తీసుకుంటే కిలోవాట్లు వస్తాయి. కిలోవాట్లకు మూడో వంతు కలిపితే మళ్లా హెచ్‌పి అవుతాది. పదికి ఏడున్నర. ఏడున్నరకు ఐదున్నర చిల్లర. ఐదుకు మూడు ముక్కాలు. ఇది నోట్లో ఉంటే అంగడి చేతిలో ఉన్నట్లే."

సులోచనకు కాగితం అక్కరలేకపోయింది. ఇరవై ఏండ్ల పాటు ఆ అంగట్లో హెచ్‌పికీ కిలోవాట్లకూ మధ్య నిలబడి రెండు పక్కలా మాట చేరవేసిన మనిషి ఆమె ఒక్కతే.

అప్పుడు సౌమ్య వచ్చింది.

సౌమ్య చిన్నకోడలు. సులోచన కాపురానికొచ్చినప్పుడు నిక్కరు వేసుకుని తిరిగిన మరిది వేణుమాధవ్‌కు భార్య. కడపలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివింది. పెళ్లైన నాలుగో నెలలో, ఇంట్లో పొద్దు పోలేదని, అంగడికి వస్తానంది. మామ సంతోషంగా రమ్మన్నాడు. ఆమెను ఎవరూ మూడేండ్లు వంటింట్లో కూచోబెట్టలేదు. సులోచన మనసులో ముందు పడిన ముల్లు అదే.

రెండోది ఒక రైతు వల్ల పడింది. కొత్త కరెంటు కనెక్షన్‌కు దరఖాస్తు తెచ్చినాడు. లోడు కిలోవాట్లలో రాయాలి.

"అక్కా, నాది ఐదు హెచ్‌పి. ఎంతని రాయల్ల?"

"మూడు ముక్కాలు రాయప్పా. మూడు పాయింట్ డెబ్బై అయిదు."

పక్కనుంచి సౌమ్య మెల్లగా అంది. "మూడు పాయింట్ డెబ్బై మూడు అక్కా. ఒక హెచ్‌పి అంటే ఏడు వందల నలభై ఆరు వాట్లు కదా, ఏడు వందల యాభై కాదు."

రైతు ఒకసారి ఈమె ముఖం, ఒకసారి ఆమె ముఖం చూసి, డెబ్బై మూడే రాసుకున్నాడు. రామలింగయ్య పేపరు దించి "చూసినావామ్మా, చదువంటే అదీ" అన్నాడు. ఎవర్నీ నొప్పించాలని అన్న మాట కాదు. కానీ సులోచన ఆరోజు మధ్యాహ్నం అన్నంలో పెరుగు వేసుకోవడం మరిచిపోయి వట్టి అన్నమే తిని లేచింది.

ఇంకోసారి పాత జర్మనీ ట్రాక్టరు పుస్తకమొకటి తెచ్చినాడు మహానంది దగ్గరి రైతు. దాంట్లో యాభై అని అంకె ఉంది, పక్కన హెచ్‌పి లేదు, పీఎస్ అని ఉంది. సులోచన ముక్కాలు లెక్క వేసి ముప్పై ఏడున్నర అని చెప్పబోయింది. సౌమ్య అందుకుంది.

"పీఎస్ అంటే గుర్రమే మామా, కానీ వాళ్ల గుర్రం. డెబ్బై అయిదు కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తు లేపితే వాళ్లకు ఒక గుర్రం. ఇంగ్లీషోళ్ల గుర్రం దానికంటే కొంచెం బలం ఎక్కువ. ఈ ట్రాక్టరు ముప్పై ఏడు కిలోవాట్లకు కొంచెం తక్కువే."

"గుర్రాల్లో గుడ దేశానికో రకమా!" అని రామలింగయ్య కడుపు పట్టుకుని నవ్వినాడు. వచ్చిన వాళ్లందరికీ రెండు రోజులు ఆ ముచ్చటే చెప్పినాడు. చెప్పినప్పుడల్లా "మా చిన్నకోడలు" అనేవాడు. సులోచన ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టింది. పదకొండు.

ఆమె కోపిష్టి కాదు, పోట్లాడే మనిషి కాదు. సౌమ్యకు తలనొప్పి వస్తే శొంఠి కాఫీ పెట్టిచ్చేది. కానీ ఆ పిల్ల గుండ్రటి చేతిరాత చూస్తే ఒళ్లు మండేది. ఫోన్ చేసి "సౌమ్యమ్మ ఉందా?" అని ఎవరైనా అడిగితే, ఉన్నా లేదని రెండుసార్లు చెప్పింది. సౌమ్య పడుకున్న మధ్యాహ్నాలు ఆమె బీరువాలోంచి ఇంజనీరింగు పుస్తకమొకటి తీసి, దేవుడి గదిలో తలుపు దగ్గరికేసుకుని చదివింది. సగం అర్థమైంది. అసలేమీ అర్థం కాకపోయి ఉంటే ఆమె బాధ సగం తగ్గేది. అర్థమైన ప్రతి పేజీ దగ్గరా, ఇది నాకూ వచ్చేది కదా, నన్నూ పంపించి ఉంటే వచ్చేది కదా అని కుళ్లుకుంది. ఆ కుళ్లు పోయి పోయి, తనను పంపించని నాయన మీద కాక, చదివొచ్చిన సౌమ్య మీద పడింది.

ఆళ్లగడ్డ ఓబయ్య అంగడికొచ్చింది ఆ రోజుల్లోనే.

ఓబయ్య శిల్పి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని దేవుళ్ల విగ్రహాలు చెక్కుతాడు. అహోబిలంలో ఒక సత్రం వాకిటికి రెండు ద్వారపాలకుల విగ్రహాలు ఒప్పుకున్నాడు. పెద్ద రాయిని పలకలుగా కోసే మిషను మోటారు పాతబడి నిలిచిపోయింది. సులోచన ఆ పూట ఇంటికి పోయి ఉంది. సౌమ్య మిషను ప్లేటు ఫోటో చూసి, ఆర్డరు పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో "ఓబయ్య, ఆళ్లగడ్డ, రాతి మిషను, 7.5 కిలోవాట్లు" అని రాసుకుంది. కర్నూలు డీలరుకు ఫోన్లో మెసేజీ పెట్టేటప్పుడు మాత్రం, బయట ఆటో తొందరపెడుతుంటే, "7.5 మోటారు ఒకటి, త్రీ ఫేజు, అర్జెంటు" అని పెట్టింది. ఏడున్నర ఏందో రాయలేదు.

ఈ పక్క ఏడున్నర అంటే డీలరు ఏమనుకుంటాడు? హెచ్‌పి అనుకుంటాడు. అందరూ మాట్లాడేది హెచ్‌పిలోనే.

మూడో రోజు లారీలో మోటారు దిగింది. సౌమ్య ఆరోజు వాళ్లమ్మతో మహానందికి పోయింది. ఉమాశంకర్ ఆళ్లగడ్డ ఆటోను నిలబెట్టి, లోపలికి కేకేసినాడు. "ఓబయ్య మోటారు వచ్చింది. ఒకసారి చూడు, పంపించేస్తా."

సులోచన బయటికొచ్చి వంగి ప్లేటు చూసింది. 5.5 కిలోవాట్లు, 7.5 హెచ్‌పి. లోపలికి పోయి ఆర్డరు పుస్తకం తెరిచింది. 7.5 కిలోవాట్లు. అంటే పది హెచ్‌పి రావాల్సింది. పదికి ఏడున్నర. ఏడున్నరకు ఐదున్నర చిల్లర. నిద్రలో లేపి అడిగినా చెప్పగల లెక్క అది.

పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని ఆమె అట్లే నిలబడింది. నోరు తెరిస్తే చాలు. మోటారు వెనక్కి పోతుంది, నాలుగు రోజుల్లో సరైనది వస్తుంది. ఎవరికీ ఏమీ కాదు. సౌమ్య "అయ్యో, యూనిట్ మరిచిపోయినా అక్కా" అని నాలిక కరుచుకుంటుంది, మామ నవ్వుతాడు, సాయంత్రానికి అందరూ మరిచిపోతారు.

"ఏందీ, సరిగ్గా ఉందా?" అని ఉమాశంకర్ అడిగినాడు.

"సౌమ్య చెప్పిన ఆర్డరు కదా. ఆమెకే తెలుసు" అంది సులోచన. పుస్తకం మూసింది.

ఆటో పోయింది.

తరువాత తొమ్మిది రోజులు ఆమె ఆ సంగతి తలుచుకోలేదని కాదు. పొద్దున లేస్తే అదే తలపు. రాయి కోసే మిషనుకు చిన్న మోటారు పెడితే మహా అయితే వేడెక్కి ఆగిపోతుంది, అంతే కదా అని తనకు తాను చెప్పుకుంది. ఆగిపోయేందుకే స్టార్టరులో రిలే ఉంటుంది. కానీ ఓబయ్య షెడ్డులో స్టార్టరు పాతదని, దాని రిలే పది హెచ్‌పి మోటారుకు సరిపోయేటట్లు తిప్పిపెట్టి ఉందని ఆమె ఆలోచించలేదు. ఆలోచించాల్సిన మనిషే, ఆలోచించలేదు.

పదో రోజు ఓబయ్య ఆటోలో వచ్చినాడు. వెనక మోటారు ఉంది. దాంట్లోంచి కాలిన వార్నిష్ వాసన అంగడంతా నిండింది. అతని ఎడమ కనుబొమ మీద తెల్లటి పట్టీ ఉంది.

"ఏమిచ్చినావ్ శెట్టీ నాకు?" అన్నాడు. గొంతు పెద్దగా లేదు, అదే భయమనిపించింది. "బ్లేడు రాయిలో సగం దిగినాక మోటారు గొంతు పిసికినట్లు మూలుగుతాండాది. ఆపుదామని పోయేలోపల బ్లేడు బిగుసుకుని, రాయి పెచ్చు ఎగిరొచ్చి ఈడ తగిలింది. ఆరు కుట్లు. అరంగుళం కిందికి తగిలింటే కన్నే పోయుండు."

ఉమాశంకర్ ప్లేటు చూసినాడు, పుస్తకం చూసినాడు. సౌమ్య తన ఫోను తీసి, పంపిన మెసేజీ తనే అందరికీ చూపించింది.

"తప్పు నాదే అన్నా. కిలోవాట్లని రాయలా."

రామలింగయ్య ముఖం నల్లబడింది. "ఇంత చదివి ఏం లాభమమ్మా, అంకె పక్కన రెండక్షరాలు రాయకపోతే" అన్నాడు. ఇకమీదట ఆర్డర్లు పెద్దకోడలే పంపాలని అక్కడికక్కడే చెప్పేసినాడు. వేణుమాధవ్ గూడా భార్య వైపు మాట్లాడలేదు.

దాచడమెందుకు, సులోచనకు ఆ క్షణం లోపల చల్లగానే అనిపించింది. ఆరోజంతా వచ్చిన ప్రతి ఫోనూ ఆమే ఎత్తింది. "సౌమ్యమ్మ ఉందా?" అంటే "ఏమి కావాలో నాకు చెప్పు" అంది. రాత్రి రొట్టెలు చేస్తూ కూనిరాగం గూడా తీసింది. సౌమ్య ఎంగిలి పడకుండా పడుకుందని పొద్దున తెలిసింది.

ఆ పొద్దున్నే సౌమ్య చీర కట్టుకుని తయారై మామ ముందు నిలబడింది. "నేను ఆళ్లగడ్డకు పోయొస్తా మామా. స్టార్టరు, వైరు, బెల్టు అన్నీ నా కంటితో చూసి కొత్త మోటారు తెప్పిస్తా. ఈసారి తప్పు జరగదు."

రామలింగయ్య "ఒక్కదానివే వద్దు. పెద్దామె వస్తాది తోడు" అన్నాడు.

ఆళ్లగడ్డ బస్సులో ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూచున్నారు. సులోచనకు అప్పుడు గూడా అసూయగానే ఉంది. తప్పు చేసి తిట్లు తిన్న పిల్ల, ముఖం దాచుకోకుండా ఆ మనిషి ఇంటికే పోతోంది. ఆ ధైర్యం తనకు లేదని ఆమెకు తెలుసు.

ఓబయ్య షెడ్డులో నేల, రేకులు, చెట్ల ఆకులు అన్నీ రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. మనిషెత్తు రాయిలో బ్లేడు ఇంకా ఇరుక్కునే ఉంది. కోత దగ్గర అరచేయంత పెచ్చు లేచిపోయింది. ఓబయ్య భార్య నీళ్ల చెంబు తెచ్చిచ్చి లోపలికి పోయింది.

సౌమ్య కొంగు నడుముకు చెక్కి స్టార్టరు మూత తెరిచింది. రిలే చూసి ఓబయ్య వైపు తిరిగింది. "ఇది పాత మోటారుకు పెట్టిన సెట్టింగ్ అన్నా. అందుకే ట్రిప్ కాలా, మోటారును ఆపలా. ఇది గూడ నేను అడిగుండాల్సింది. అడగలా. నన్ను ఏమన్నా అనన్నా, పడతా."

ఓబయ్య పట్టీ మీద వేలు పెట్టుకుని నిట్టూర్చినాడు. "నువ్వు చిన్నపిల్లవమ్మా. ఏమంటా నిన్ను. కానీ మీ అంగట్లో అక్క ఉండాది కదా, ఆమె కంట్లో పడకుండా ఏదీ గడప దాటదని నమ్మి వస్తాం. ఆమె చూసుంటే ఇది జరిగేది కాదు."

సులోచన చేతిలో చెంబు ఉంది. తాగబోయి ఆపింది. ఆ కనుబొమ మీది కుట్లు, ఆ నమ్మకం, రెండూ ఒకేసారి ఆమెకు ఎదురుగా ఉన్నాయి.

"చూసినా ఓబయ్యా" అంది.

"ఏందక్కా?"

"నేను చూసినా. ప్లేటు మీద ఐదున్నర కిలోవాట్లని ఉండె. పుస్తకంలో ఏడున్నర ఉండె. రెండూ చూసి గుడ పంపించినా. సౌమ్య మరిచిపోయింది. నేను మరిచిపోలా."

ఓబయ్య పట్టీ మీది వేలు తీసినాడు.

"చూసి పంపిస్తివా అక్కా?" అన్నాడు. అంతే. లేచి రాయి దగ్గరికి పోయి, వాళ్లకు వీపు పెట్టి కూచున్నాడు.

తిరుగు బస్సులో సౌమ్య కిటికీ వైపు ముఖం పెట్టుకుంది. నంద్యాల దగ్గర పడినాక అడిగింది.

"ఎందుకక్కా?"

సులోచన ఏదో అబద్ధం వెతుక్కుంది, దొరకలేదు. "నాకు ఆ అంగట్లో నోరు రావడానికి ఏండ్లు పట్టింది. నీకు నాలుగు నెలలు పట్టింది. నువ్వు ఒక్కసారన్నా పడితే చూడాలని ఉండె."

"నేను అంగడికి రావద్దని ఒక్క మాట చెప్పుంటే రాకపోదును కదా."

"రావద్దని నేను అనలా."

"అనలా. కోరుకున్నావ్" అంది సౌమ్య. కళ్లలో నీళ్లు లేవు, కోపం ఉంది. "ఇంట్లో నేను చెప్పను. నువ్వే చెప్పల్ల."

సులోచన చెప్పింది. అందరూ భోజనాలకు కూచున్నప్పుడు, వడ్డించడం ఆపి, గరిటె చేతిలో పట్టుకునే చెప్పింది. ఉమాశంకర్ విస్తరి ముందు నుంచి లేచిపోయినాడు. రామలింగయ్య మాత్రం కదలకుండా "నేను నేర్పిన లెక్కే కదమ్మా అది" అన్నాడు. ఆ తరువాత నెల రోజులు ఆయన ఆమెను పేరు పెట్టి పిలవలేదు. కావాల్సింది గోడకు చెప్పినట్లు చెప్పేవాడు. ఏ తిట్టూ ఆమెను అంత కుంగదీసి ఉండేది కాదు.

పది హెచ్‌పి మోటారును ఉమాశంకర్ తానే తీసుకుపోయి, దగ్గరుండి బిగించి, కొత్త స్టార్టరు పెట్టించి వచ్చినాడు. అంగట్లో ఒక కొత్త పద్ధతి వచ్చింది, అది సౌమ్య పెట్టింది. ప్రతి ఆర్డరులో హెచ్‌పి, కిలోవాట్లు రెండూ రాయాలి, ఒకరు రాస్తే రెండోవాళ్లు చూసి సంతకం చేయాలి. ఈ పద్ధతిలో ఇద్దరూ రోజుకు పదిసార్లు ఒకరి ముఖం ఒకరు చూడక తప్పలేదు.

ఒక మధ్యాహ్నం సులోచన ఆ ఇంజనీరింగు పుస్తకం తెచ్చి సౌమ్య ముందు పెట్టింది. "ఇది నీ బీరువాలోంచి తీసినా."

"తెలుసు. పేజీలకు పసుపు అంటింది" అంది సౌమ్య. పుస్తకం తెరిచి, "యాడిదాకా వచ్చినావ్?" అని అడిగింది.

"ఇండక్షన్ మోటారు కాడ ఆగిపోయినా. ముందుకు పోలేదు."

"ఆడ నేను గుడ ఆగినా. ఆ పేపరు రెండుసార్లు రాసినా."

సౌమ్య ఒకసారి తప్పిందని విని సులోచనకు ఎంత సంతోషమేసిందంటే, దాన్ని ముఖం మీద కనపడకుండా దాచుకోలేకపోయింది. సౌమ్య అది చూసింది. చూసి, మొదటిసారి, కొంచెం నవ్వింది. "కూచో, చెప్తా" అంది.

వాళ్లు అక్కాచెల్లెళ్లయిపోయినారని చెప్పలేము. సౌమ్య ఆ మోటారు సంగతి మరిచిపోలేదు. సులోచన పంపిన ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదివేది. సులోచన గూడా మారిపోలేదు. ఎవరైనా సౌమ్యను పొగిడితే ఇప్పటికీ ఆమెకు కష్టంగానే ఉంటుంది. కాకపోతే అప్పుడు లేచి గోడౌన్లోకి పోయి, కాసేపు నట్లు బోల్టులు ఏరి, తిరిగొచ్చి, ఆర్డరు పుస్తకంలో ఉన్నదాన్ని ఉన్నట్లు చూసి సంతకం చేస్తుంది.

ద్వారపాలకులను నిలబెట్టే రోజు అహోబిలం రమ్మని ఓబయ్య ఫోను చేసినాడు. సౌమ్యకు చేసినాడు. సౌమ్య, వేణుమాధవ్ బయల్దేరినారు. గడప దగ్గర సౌమ్య ఆగింది.

"వస్తావా అక్కా?"

"నన్ను పిలవలేదు కదా."

"నేను పిలుస్తాండా."

"ఆయప్ప పిలిస్తే వస్తా. పోండి, తొందరగా పోతేనే బస్సులో సీట్లు."

ఆ రోజంతా సులోచన ఒక్కతే అంగడి చూసుకుంది. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చినారు. విగ్రహాలు ఎంత బాగున్నాయో, గదల మీద పూలు ఎంత సన్నగా చెక్కినాడో సౌమ్య మామకు చెబుతోంది. ఆరోజు పెచ్చు లేచిన చోటును ఓబయ్య గదలోకి కలిపేసుకున్నాడంట, చెబితే తప్ప తెలియదంట. సులోచన వాళ్లు తెచ్చిన ప్రసాదం కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది.

"నన్ను అడిగినాడా?" అంది.

"అడగలేదక్కా."

"మోటారు ఎట్ల తిరుగుతాండాది?"

"బాగా తిరుగుతాండాదంట. వేడి గుడ ఎక్కలేదంట."

"సరే" అంది సులోచన. ప్రసాదం తిన్న చెయ్యి కడుక్కుని, మరుసటి రోజు కర్నూలుకు పోవాల్సిన ఆర్డరు కాగితం సంతకానికి సౌమ్య ముందు పెట్టింది.